అమ్మకూడని వడియాలు

ఫోన్లో సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారాలు పుట్టినంత తొందరగానూ మూతపడుతున్నాయని ప్రభుత్వం వారికి బెంగ పట్టుకుంది. బెంగ పడితే ప్రభుత్వం వారు చేసే పని ఒకటే కాబట్టి కమిటీ వేశారు. కమిటీ వారు రాష్ట్రమంతా తిరిగి, తిరిగినచోటల్లా సుష్టుగా భోంచేసి, మూతపడ్డ వ్యాపారాలన్నిటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. ఒకడు చొక్కాలు అమ్మాడు, ఒకామె పచ్చళ్ళు అమ్మింది, ఒకాయన అక్వేరియం చేపలకి మేత అమ్మాడు. ఒకరికీ ఒకరికీ పోలికే లేదు. కానీ ఒక్క లక్షణం మాత్రం అన్నిట్లోనూ కనిపించింది. అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు మొదలైనవే. మొదలుకాని వ్యాపారం ఒక్కటంటే ఒక్కటీ మూతపడలేదు.

రోగం ఇంత తేటగా తెలిశాక మందు కనిపెట్టడం ఎంతసేపు? మార్కెట్ పరిశోధన ముగించి, వ్యాపార ప్రణాళిక దాఖలు చేసి, సన్నద్ధతా పత్రం పుచ్చుకునేదాకా ఎవరూ ఆన్‌లైన్లో ఏమీ అమ్మరాదని ఉత్తర్వు వచ్చింది. పత్రం నంబరు లేని పార్సిల్ని కొరియర్ వాళ్ళు ముట్టుకోరాదని దాని వెనకే ఇంకోటి వచ్చింది. ఈ పత్రాలు ఇవ్వడానికి ఊరూరా సన్నద్ధతా కేంద్రాలు వెలిశాయి.

గోదావరి కాలవ పక్కనున్న పసలంకలో ఆ కేంద్రం మూసేసిన సినిమాహాల్లో పెట్టారు. నేల టిక్కెట్ల కిటికీలో దరఖాస్తులు పుచ్చుకునేవారు. కుర్చీ టిక్కెట్ల కిటికీలో సందేహాలు తీర్చేవారు. బాల్కనీలో అధికారి గారుండేవారు. ఆయన పేరు త్రివిక్రమరావు. చదువంతా ఉత్తరాదిలో చదివి, వ్యాపార ప్రణాళికల మీదే పెద్ద పట్టా పుచ్చుకుని వచ్చిన మనిషి. జన్మలో ఏదీ అమ్మి ఎరగడు. అందుకే ఆయనకి ఏ వ్యాపారం మీదా దురభిప్రాయం గానీ సదభిప్రాయం గానీ లేవని, ఆ ఉద్యోగానికి అంతకన్నా తగినవాడు దొరకడని పైవాళ్ళు ఏరికోరి పంపారు.

ఈ ఉత్తర్వులన్నీ గుబ్బల వీరవేణికి కొరియర్ ఆఫీసులో తెలిశాయి. ఆవిడ భర్త ధనరాజు లారీ డ్రైవరు. ఒరిస్సా వెళ్ళాడంటే మళ్ళీ ఎప్పుడు ఇల్లు చూస్తాడో ఆయనకే తెలియదు. జీతం కూడా ఆయనలాగే వచ్చినప్పుడు వచ్చేది. ఇల్లు నడిచేది వీరవేణి వడియాల మీద. ఎండాకాలం రెండు నెలలూ డాబా మీద గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, ఊరమిరపకాయలు పెట్టి, ఫోన్లో గ్రూపు కట్టి, అడిగినవాళ్ళందరికీ పార్సిళ్ళు కట్టి పంపేది. ఆ రెండు నెలల ఎండే ఆ ఇంటికి ఏడాది గ్రాసం. ఆ ఎండ తప్పిపోతే మళ్ళీ ఏడాదిదాకా దిక్కు లేదు.

ఆ ఏడాది మొదటి వాయి ఎండి, డబ్బాలకెక్కి, పార్సిళ్ళై కొరియర్ బల్ల మీద కూర్చున్నాక, బల్ల వెనకాల ఆయన చేతులు వెనక్కి కట్టేసుకున్నాడు.

"నంబరు లేందే ముట్టుకోకూడదంటండి" అన్నాడు. "ముట్టుకుంటే నా ఉద్యోగం పోద్దండి."

వీరవేణి ఆ పార్సిళ్ళన్నీ మళ్ళీ ఆటోలో వేసుకుని, ఇంటికి కాకుండా నేరుగా సినిమాహాలుకి పోనిమ్మంది.

త్రివిక్రమరావు గారు ఆవిణ్ణి ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. ఆయన అందరినీ అలాగే కూర్చోబెట్టేవారు. లేపడమే ఆలస్యమయ్యేది.

"మీ ఉత్పత్తి ఏమిటమ్మా?"

"వడియాలండి."

"ఈ ఉత్పత్తికి విపణిలో అవసరం ఉన్నదని మీరు దేని ఆధారంగా భావిస్తున్నారు?"

"అడుగుతున్నారండి. కిందటేడు పెట్టినియ్యి పెట్టినట్టే అయిపోయాయండి. ఇంకా లేవంటే తిట్టారు కూడానండి."

"తిట్టినవారు ఎవరు?"

"కొన్నోళ్ళేనండి."

త్రివిక్రమరావు గారు జాలిగా నవ్వారు. "కొన్నవారు పక్షపాతులమ్మా. మీ సరుకు తిని, బాగుందనుకుని, మళ్ళీ కావాలని కోరుతున్న మనిషి మాటకు శాస్త్రంలో విలువ లేదు. పరిశోధనకు నిష్పక్షపాత వినియోగదారు కావాలి. అంటే మీ సరుకు రుచి ఎరగనివారు, దాని పట్ల ఏ విధమైన అభిప్రాయమూ లేనివారు."

"ఏ అభిప్రాయం లేనోడు ఎందుకు కొంటాడండి?"

"అదేకదమ్మా పరిశోధించవలసింది!" అని ఆయన గంట కొట్టారు.

గంటకి లాస్య వచ్చింది. లాస్య ఆయన సహాయకురాలు. హైదరాబాదులో చదువుకున్న పిల్ల. చంకలో కంప్యూటరు, కళ్ళనిండా ఉత్సాహం. మనిషి మంచిదే గానీ, ఎవరేం చెప్పినా దాన్ని గడుల్లో పెట్టందే ఆవిడకి నిద్ర పట్టదు. వీరవేణిని పక్కకి తీసుకెళ్ళి నాలుగు గడులు గీసి చూపించింది.

"ఆంటీ, మీ బిజినెస్‌కి బలం ఏంటి?"

"ఎండమ్మా."

"బలహీనత?"

"ఎండ లేపోటం."

"అవకాశం?"

"రోహిణి కార్తె. అప్పుడెండ బాగా కాస్తది."

"మరి ముప్పు?"

వీరవేణి ఆలోచించి, "కాకమ్మా" అంది.

లాస్య నాలుగూ ముచ్చటగా టైపు కొట్టి, పైకి పంపింది. ఆ సాయంత్రానికే కాయితం కింద ఎర్రసిరాతో జవాబు వచ్చింది. కాకులను ఎదుర్కొనే వ్యూహాన్ని విడిగా దాఖలు చేయవలెనట. అది చిన్న సంగతి. పెద్ద సంగతి కోసం త్రివిక్రమరావు గారు వీరవేణిని మర్నాడు స్వయంగా పిలిపించారు.

"మీ ప్రణాళికలో ఒక తీవ్రమైన లోపం కనబడుతున్నది. మీ ఉత్పత్తికి ముఖ్య సరఫరాదారు సూర్యుడు. ఒకే సరఫరాదారు మీద ఆధారపడటం ఏ వ్యాపారానికైనా ప్రమాదకరం. వర్షాకాలంలో ఆయన సరఫరా ఆపివేస్తే మీ ప్రత్యామ్నాయం ఏమిటి?"

"ఇంకో సూర్యుడా అండి?"

"పేరు మీరే సూచించాలమ్మా. కేంద్రం ఫలానావారిని పెట్టుకోమని సిఫారసు చెయ్యరాదు."

వీరవేణి ఆ గడిలో ఏం రాయించిందో తర్వాత ఎంత అడిగినా చెప్పలేదు. చంద్రుడి పేరు రాయించి వచ్చిందని అత్తగారు ఊరంతా చెప్పింది.

అత్తగారి పేరు అప్పయమ్మ. ఆవిడ ఈ వ్యవహారంలోకి వచ్చింది పోటీదారుగా. పోటీదారు లేని విపణి విపణే కాదని, కనీసం ఒక పోటీదారుని చూపిస్తేనే దరఖాస్తు ముందుకు కదులుతుందని లాస్య చెప్పింది. పసలంకలో వడియాలు అందరూ పెట్టుకుంటారు గానీ అమ్మేది వీరవేణి ఒక్కతే. లేని పోటీదారుని ఎక్కణ్ణించి తేవడం? ఆలోచించి ఆలోచించి లాస్యే ఉపాయం చెప్పింది. అదే డాబా మీద అదే పిండి కలిపే అప్పయమ్మని పోటీదారుగా నమోదు చేసేసింది.

సంగతి విని అప్పయమ్మ నడుం మీద చెయ్యేసుకుని లేచింది.

"ఇన్నాళ్ళకి గవర్నమెంటోళ్ళకి తెలిసిందే నీకూ నాకూ పడదని" అంది కోడలితో. పైకి అలా అంది గానీ ఆవిడకి లోపల ఎంత సంబరమో. పెళ్ళయి వచ్చిన దగ్గర్నించీ ఆ ఇంట్లో వడియాలకి ఉప్పు చాల్లేదని అంటూనే ఉంది, ఎవరూ విన్నది లేదు. ఇప్పుడు అధికారికంగా అనొచ్చు. డాబా మీద ముగ్గుపిండితో అడ్డంగా గీత గీసి, "ఇటేపు నాది. నువ్వు ఈ గీత దాటితే లాస్యమ్మకి చెప్తా" అంది. అటుపైన లాస్య ఎప్పుడొచ్చినా ఇద్దరూ విడివిడిగా మజ్జిగ ఇచ్చేవారు, ఏది బాగుందో చెప్పమని నిలదీసేవారు. లాస్య రెండూ తాగి, రెండూ గడుల్లో పెట్టుకుని పోయేది.

ఇక మిగిలింది సర్వే. నిష్పక్షపాత వినియోగదార్లను వెతికి, కేంద్రం వారు ఖరారు చేసిన ప్రశ్న అడగాలి. ప్రశ్న ఒక్కటే. 'మీరు వడియాలు ఎందుకు కొనడం లేదు?'

వీరవేణి, లాస్య బజారున పడ్డారు. మొదట మందుల షాపు ఆయన్ని అడిగారు.

"అమ్ముతున్నట్టు ఎవరు చెప్పారండి నాకు? ఇప్పుడు చెప్పారుగా, నాకో కేజీ గుమ్మడియ్యి ఇప్పించండి" అన్నాడాయన.

లాస్య నుదురు కొట్టుకుంది. "ఆంటీ, ఈయన డేటా పాడైపోయింది. అడగ్గానే ఇష్టం వచ్చేసింది." ఆయన పేరు కొట్టేసింది.

బట్టల మిషన్ దగ్గర ఆవిడ, "మా అమ్మ పెడితే తెచ్చుకునేదాన్నమ్మా, ఇప్పుడావిడ మంచాన పడింది. నువ్వు ఇస్తానంటే ఎందుకు వద్దంటాను?" అంది. కొట్టేశారు. పాల కేంద్రం గుమాస్తా ప్రశ్న సగం వినగానే గుటకేశాడు. మాట్లాడకముందే కొట్టేశారు. బడి పక్కన గచ్చు రాళ్ళు పరుస్తున్న బీహారు మేస్త్రీ మీద లాస్యకి చాలా ఆశ కలిగింది. అతను ప్రశ్న అర్థం చేసుకోవడానికి కొంచెం టైము తీసుకుని, చేతిలో తాపీ కింద పెట్టేశాడు.

"మా ఊర్లో మా అమ్మ పెడతాది. గుమ్మడికాయతోనే. నాలుగేళ్ళయింది తిని" అన్నాడు వచ్చీరాని తెలుగులో. కళ్ళు తుడుచుకోవడానికి పక్కకి తిరిగాడు. లాస్య అతని పేరు ముందు 'తీవ్ర పక్షపాతం' అని కొట్టింది గానీ, కొడుతున్నంతసేపూ తలెత్తలేదు.

ఊళ్ళో వడియం రుచి ఎరగని మనిషి కోసం వెతగ్గా వెతగ్గా, ఒక ఇంట్లో ఉయ్యాల్లో దొరికాడు. ఇంకా అన్నప్రాసన కాలేదని వాళ్ళమ్మ ప్రమాణం చేసి చెప్పింది. ఏ అభిప్రాయమూ లేదు. వాడంత నిష్పక్షపాతి జిల్లాలో దొరకడని లాస్య పొంగిపోయింది. కానీ త్రివిక్రమరావు గారు, 'అభ్యర్థికి కొనుగోలు శక్తి లేదు' అని రాసి తిప్పి పంపించారు. దాంతో కాయితం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఎండ మాత్రం ఆగలేదు. చైత్రం దాటిపోయింది. డాబా మీద పెనం పెట్టకుండానే దోసె కాలేలా ఉంది. ఆ ఎండ అలా ఊరికే కాసి, ఊరికే సాయంత్రమయ్యేది. కొని తెచ్చిన బూడిద గుమ్మడికాయలు మంచాల కింద, బీరువా పక్కన, దేవుడి గదిలో కూడా చేరాయి. వాటి మధ్య నడవడానికి ఇంట్లోవాళ్ళు పక్కవాటుగా నడవడం నేర్చుకున్నారు. ఓ మధ్యాహ్నం వీరవేణి డాబా ఎక్కి, ఖాళీగా మండిపోతున్న గచ్చు చూసి, అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. అప్పయమ్మ పైకొచ్చి చూసింది. ముగ్గుపిండి గీత దాటొచ్చి, కోడలి నెత్తిన తన కొంగు కప్పింది.

"ఎండలో కూకుని ఏడిస్తే వడదెబ్బ కొడతాది. లే. ఆ అయ్యగారినే పోయి అడుగు. ఆడు మనిషే కదా" అంది.

వీరవేణి వెళ్ళింది. త్రివిక్రమరావు గారు ఎప్పటిలాగే కూర్చోబెట్టారు.

"అయ్యా, ఎండ పోతందండి" అంది. "రోహిణి కార్తె వచ్చేస్తందండి. అదీ పోతే ఏడాదంతా మా ఇంట్లో పొయ్యి వెలగదండి. నా వల్ల కాదండి ఇంక."

ఆ ఏడుపు విని ఆయన నిజంగానే కదిలిపోయారు. కదిలిపోయినప్పుడు ఆయన చేసే పని ఉపన్యాసం. లేచి నిలబడి, కిటికీలోంచి చూస్తూ అందుకున్నారు.

"మీరొక విషయం గ్రహించడం లేదమ్మా. నిషిద్ధమైనది అమ్మకం మాత్రమే. పరిశోధన నిషిద్ధం కాదు, శ్లాఘనీయం! సర్వేకు వెళ్ళేవారు ఉత్త చేతులతో వెళ్ళరాదు. నమూనాలు తీసుకువెళ్ళాలి. నమూనా లేని పరిశోధన ఆత్మ లేని దేహం!"

వీరవేణి ముక్కు తుడుచుకుంది. "నమూనా అంటే ఇన్నేసి పెట్టి పంపడమాండి?"

"అవును."

"ఎంతమందికండి?"

"నమూనా ఎంత విస్తృతమైతే పరిశోధన అంత ప్రామాణికం."

"రాజమండ్రి, బెంగుళూరు, అలా కూడానాండి?"

"భౌగోళిక వైవిధ్యం ఉంటే సాక్షాత్తూ కమిషనరు గారే హర్షిస్తారు."

వీరవేణి చాలా వినయంగా అడిగింది. "ఊరికే పుచ్చుకోవడానికి మొగమాటపడి, వాళ్ళు ఏదోటి పంపుతామంటేనండి?"

"అభిప్రాయదాతలు స్వచ్ఛందంగా అందించే తోడ్పాటును తిరస్కరించరాదమ్మా. అది వారిని అవమానించడం. నిబంధనల్లో ఉన్నది."

"ఆ మాటే కొరియర్ ఆయనకి ఓ ముక్క రాసిస్తారాండి?"

ఆయన రాసిచ్చారు. నాలుగు ముద్రలు కొట్టారు. ఇంత శ్రద్ధగా పరిశోధనకి పూనుకున్న దరఖాస్తుదారు తన ఉద్యోగ జీవితంలో తారసపడలేదని లాస్యతో చెప్పి మురిసిపోయారు.

ఆ సాయంత్రం గుబ్బలవారింట్లో గుమ్మడికాయలు తెగిన చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటగట్టి, పైన రుబ్బురోలు పొత్రం బరువెత్తారు. మర్నాడు తెల్లారకముందే మినప్పిండి కలిసింది. పొద్దెక్కేసరికి డాబా మీద పాత చీరలన్నీ పరుచుకుని, వాటినిండా తెల్లగా వడియాలు కూర్చున్నాయి. చాలని చోటుకి అప్పయమ్మ తన గీత తనే చీపురుతో ఊడ్చేసి, పొడుగు కర్రకి నల్లగుడ్డ కట్టుకుని కాకుల మీదికి బయల్దేరింది.

ప్రతి పార్సిల్ మీదా 'పరిశోధన నమూనా. అమ్మకానికి కాదు' అని అంటించారు. లోపల సర్వే చీటీ పెట్టారు. చీటీలో ప్రశ్న వీరవేణి సొంతంగా తయారుచేసింది. 'ఇంకా కావాలా?'

అభిప్రాయాలు వెల్లువలా వచ్చాయి. లాస్యకి ఊపిరాడలేదు. మామూలుగా సర్వేకి జవాబిచ్చే నాథుడే ఉండడు. ఇక్కడ ప్రతి అభిప్రాయదాతా జవాబిచ్చి, తోడ్పాటు పంపి, తనని మళ్ళీ సర్వే చెయ్యమని ప్రాధేయపడుతున్నాడు. బెంగుళూరు నుంచి ఒకావిడ తన అపార్ట్‌మెంటు మొత్తాన్ని సర్వే చెయ్యమంది. విశాఖపట్నంలో ఒకాయన తన కూతురి పెళ్ళికి వచ్చే బంధువులందరి అభిప్రాయమూ తెలుసుకోవాలని, దానికి రెండు బస్తాల నమూనా అవసరమవుతుందని రాశాడు. వీరందరూ పక్షపాతులే కాబట్టి పరిశోధన పూర్తయినట్టు కాదు. పూర్తికానంతవరకూ సాగించక తప్పదు. వీరవేణి మాట తప్పకుండా సాగించింది.

ఈ కబురు పసలంకలో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. నైటీలు కుట్టే ఆవిడ పరిశోధన మొదలెట్టింది. కొబ్బరిపీచు పట్టాలు అల్లే ఆయన మొదలెట్టాడు. పూతరేకులు చుట్టే అన్నదమ్ములు విడిపోయి, రెండు వేర్వేరు పరిశోధనలు మొదలెట్టారు. కొరియర్ ఆఫీసువాళ్ళు పెద్ద వ్యాను తెప్పించుకున్నారు. ఊళ్ళో ఎవరైనా ఎవరినైనా 'ఏం చేస్తున్నారు?' అనడిగితే 'రిసెర్చి అండి' అని చెప్పేవారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అదేదో విశ్వవిద్యాలయం కాబోలని చుట్టూ చూసేవారు. పొరపాటున ఎవరైనా 'ఎంతకి అమ్ముతారు?' అంటే మాత్రం చెవులు మూసుకునేవారు.

లెక్కలు పైకి వెళ్ళాయి. పసలంక కేంద్రం పరిధిలో పరిశోధనలో ఉన్న వ్యాపారాలు కొల్లలు. మొదలైనవి లేవు. అందుచేత మూతపడినవీ లేవు. రాష్ట్రంలో ఇంకే కేంద్రానికీ ఇంత చక్కటి ఫలితం రాలేదు. కమిషనరు గారు స్వయంగా వచ్చి, సినిమాహాలు తెర ముందు నిలబెట్టి, త్రివిక్రమరావు గారికి శాలువా కప్పారు. 'మన కేంద్రాలన్నీ పసలంకని చూసి మొదలుపెట్టకుండా ఉండటం నేర్చుకోవాలి' అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా వీరవేణి కొట్టింది.

అంతా బాగానే ఉండేది, ఆ కమిషనరు గారికి బదిలీ కాకపోతే. కొత్తగా వచ్చినాయన పద్ధతి వేరు. లెక్కలన్నీ తిరగేసి, ఒక్క ముక్క రాసి పంపాడు. 'మొదలైనవి ఎన్ని?'

త్రివిక్రమరావు గారికి చెమట్లు పట్టాయి. ఉన్నపళంగా ఒక్క వ్యాపారమైనా మొదలుపెట్టించాలి. నిష్పక్షపాత వినియోగదారు లేకపోయినా ఫరవాలేదని తనే తీర్మానించుకుని, గొడుగేసుకుని ఊరిమీద పడ్డారు. అప్పటికి మృగశిర కూడా దాటిపోయి, వానలు జోరందుకున్నాయి. నైటీలావిడ తలుపు సగమే తీసి, 'ఇంకా ధైర్యం చాలట్లేదండి, మూతపడిపోద్దేమో' అంది. పూతరేకుల అన్నదమ్ములు ఒకరి పేరు ఒకరు చెప్పుకున్నారు. పీచు పట్టాలాయన అయితే, పరిశోధన మధ్యలో ఆపడం శాస్త్రద్రోహమని ఆయనకే పాఠం చెప్పాడు. చివరికి త్రివిక్రమరావు గారు, లాస్య తడిసి ముద్దయి వీరవేణి గుమ్మం ఎక్కారు.

"మీ పరిశోధన నేటితో ముగిసినట్టు ప్రకటిస్తున్నానమ్మా!" అన్నారాయన, చంకలోంచి పత్రం తీస్తూ. "అభినందనలు. మీ సమక్షంలోనే సంతకం చేస్తాను. ఇక మీరు అమ్మవచ్చు."

వీరవేణి చేతులు జోడించింది. "అమ్మడానికి ఏవుందండి? సరుకంతా రిసెర్చిలో అయిపోయిందండి."

"మొత్తమా?"

"మొత్తవండి."

"పోనీ, ఇంతకీ మీ పరిశోధనలో ఏమి తేలినది?"

"వడియాలకి గిరాకీ ఉందని తేలిందండి."

"శుభం! అయితే మొదలుపెట్టండి" అంటూ ఆయన కలం కోసం జేబులు వెతుక్కున్నారు.

లాస్యకి మాత్రం పత్రం వెనకాల ఉన్న షరతులు తెలుసు, అవి ఆవిడే టైపు చేసింది. వీరవేణి దగ్గరికి జరిగి, ఆయనకి వినపడకుండా చెప్పింది. "ఆంటీ, సంతకం పడ్డాక శాంపిల్స్ పంపకూడదు. వెంటనే సేల్స్ మొదలవ్వాలి. ఈ వానాకాలంలో ఏమీ అమ్మకపోతే మూతపడ్డ వ్యాపారం కింద రాసేస్తారు. అప్పుడింక వచ్చే ఎండాకాలం మీకు నంబరు ఇవ్వరు."

ఒక ఎండాకాలం దక్కించుకోవడానికే వీరవేణికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడీ సంతకంతో వచ్చేది కూడా పోతుంది, ఆపైవీ పోతాయి. ఆ కలం దొరక్కపోతే బాగుండునని దేవుళ్ళందరికీ మొక్కుకుంది. కలం దొరికింది. ఆయన మూత తీశారు.

అప్పుడే వంటింట్లో అప్పయమ్మ నూనె మూకుడు ఎక్కించింది. వానపూట ముద్దపప్పులోకని ఇంట్లోకి దాచుకున్న గుమ్మడి వడియాలు నాలుగు అందులో వేసింది. ఆ వాసన గుమ్మందాకా వచ్చింది. త్రివిక్రమరావు గారి చెయ్యి ఆగిపోయింది.

"ఆ వాసన ఏమిటండీ?" అన్నారు. మొదటిసారి ఆయన గొంతులో ఆఫీసు లేదు.

అప్పయమ్మ చిల్లుగరిటె పట్టుకునే బయటికొచ్చింది. "అదేంటి బాబూ అలా అడుగుతారు? వడియాలు. మీరెప్పుడూ తిన్లేదా?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఎందుకు తిన్లేదు?"

ప్రశ్న ఆవిడ మామూలుగానే అడిగింది. ఆయన జవాబు కోసం అటూ ఇటూ చూశారు. ఏ నిబంధనలోనూ దొరకలేదు కాబోలు.

"చిన్నప్పుడే అమ్మ పోయింది" అన్నారు. "నాన్నది మిలిట్రీ. హాస్టళ్ళలో పెరిగాను. తర్వాత మెస్సులు. ఎవరూ పెట్టలేదండి."

అప్పయమ్మ లోపలికెళ్ళి, చిన్న కంచంలో వేయించిన వడియాలు వేసుకొచ్చింది. వీరవేణి అత్తగారి మొహం చూసింది. అత్తగారు కోడలి మొహం చూసింది. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన రావడం అదే మొదటిసారి. వీరవేణి ఆ కంచం అందుకుని, తనే ఆయన ముందుకి తీసుకెళ్ళింది.

"వేడిగా ఉన్నాయండి. పుచ్చుకోండి."

ఆయన ఒకటి అందుకున్నారు. అప్పటికి గానీ లాస్యకి వెలగలేదు.

"సార్! తినకండి సార్!" అని అరిచింది. "రెండు నెలల్నించి వెతుకుతున్నాం సార్! జీతముంది, అభిప్రాయం లేదు, టేస్ట్ తెలీదు... నిష్పక్షపాత వినియోగదారు మీరే సార్!"

కరకరమని చప్పుడైంది. త్రివిక్రమరావు గారు కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి కంచంలో రెండోదాని మీద చెయ్యి ఉంది.

"ఎలా ఉందండి?" అంది వీరవేణి.

ఆయన రెండోది కూడా నోట్లో వేసుకున్నారు. మొహం చూస్తే అభిప్రాయం ఏర్పడిపోయినట్టు ఎవరికైనా తెలుస్తుంది.

"పక్షపాతం వచ్చేసింది సార్" అంది లాస్య నీరసంగా. "ఇంక మీరు సంతకం పెడితే చెల్లదు."

"చెల్లదు" అన్నారాయన. ఆ మాట ఇంత తృప్తిగా అన్న అధికారిని ఎవరూ చూసి ఉండరు. కలానికి మూత పెట్టేసి జేబులో పెట్టుకున్నారు. "రాసుకోమ్మా. తగిన నిష్పక్షపాత వినియోగదారు లభించనందున, గుబ్బల వీరవేణి గారు తమ పరిశోధనను వచ్చే వేసవిలోనూ కొనసాగించవలెను. అవసరమైతే ఆపై వేసవిలోనూ."

"మరి కొత్త కమిషనర్‌కి ఏం చెప్దాం సార్? ఎన్ని మొదలయ్యాయని అడుగుతున్నారు కదా."

"వారి చిరునామాకు ఒక డబ్బా నమూనా..." అని ఆయన వీరవేణి వైపు చూశారు. "లేదన్నారు కదూ?"

"ఇంట్లోకి ఉంచుకున్న డబ్బా ఒకటుందండి" అంది వీరవేణి. "అది పంపిస్తానండి."

లాస్య ఆ మాట ఏ గడిలో పెట్టాలో తెలియక కంప్యూటరు మూసేసింది. బయట వాన ఇంకా పెద్దదైంది. అప్పయమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"ఒట్టి వడియాలు నవిల్తే ఏం తెలుస్తాది బాబూ? కాళ్ళు కడుక్కుని రండి, ముద్దపప్పులో నెయ్యేసి పెడతాను. ఆ పిల్లని కూడా రమ్మనండి."

త్రివిక్రమరావు గారు గొడుగు గోడకి ఆనించి, బూట్లు విప్పుకుని, చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు. ఎలా కూర్చోవాలో తెలియక కాసేపు తడుముకుని, పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అప్పయమ్మ ఆయన ముందు కంచం పెట్టింది.